‘నెట్ స్లో’ అనుట మానుడు

మాఘమాసము. తెనాలిలో ఒక కల్యాణమండపము. రాత్రి 10 గంటల 40 నిమిషములకు సుముహూర్తము. డాలస్ నగరమున అప్పుడు ఉదయము 11 గంటల 10 నిమిషములు. అక్కడ పెండ్లికుమార్తె మేనమామ ఆఫీసుకు సెలవు పెట్టి, మోకాళ్ళ నొప్పులచేత ఇంతదూరము ప్రయాణింపజాలని తల్లిని టీవీ ఎదుట కూర్చుండబెట్టి, యూట్యూబ్ లింకు తెరచి ఎదురుచూచుచున్నాడు. అడ్డుతెర పట్టినారు, జీలకర్ర బెల్లము ముద్ద వధువు చేతిలోనికి వచ్చినది, మేళము జోరందుకొన్నది, సరిగా ఆ క్షణముననే బొమ్మ నిలిచిపోయి, నడుమ గుండ్రని చక్రము తిరుగసాగినది. ఆతడు వెంటనే ఫోను చేసినాడు. “బావగారూ, చక్రం తిరుగుతోంది!” పెండ్లికుమార్తె బాబాయి కెమెరా అబ్బాయి వంక చూచినారు. “నెట్ స్లో అండీ” అని ఆ అబ్బాయి చెప్పినాడు. బాబాయిగారు ఫోనులో అదే మాట అప్పగించినారు. చక్రము ఆగి బొమ్మ కదలునప్పటికి అడ్డుతెర తీసివేసియున్నారు. మనుమరాలి పెండ్లిలో ఆ వృద్ధురాలు ఆరు నెలలనుండి ఎదురుచూచిన ఘడియ కడచిపోయినది.

పాఠకమహాశయా, ఇట్టిది మీ ఇంటను జరుగలేదా? జరిగినప్పుడు మీరును ‘నెట్ స్లో’ అనియే సరిపెట్టుకొనలేదా? ఒంట్లో బాగాలేదని మాత్రము చెప్పి ఊరకున్న రోగికి ఏ వైద్యుడు మందీయగలడు? ఆ రెండు మాటల వెనుక ఒకదానితో నొకటి పొత్తులేని నాలుగైదు బాధలు దాగియున్నవి. ప్రతి బాధకును వేరొక పేరు, వేరొక కారణము, వేరొక విరుగుడు కలవు. ఆ పేర్లు ఇంగ్లీషులో నున్నవని జంకవలదు. రైలు, టిక్కెట్టు, సిగ్నలు అన్న మాటలను మన తాతలు నోట నలుగగొట్టి తమవి చేసికొన్నట్లే, ఈ పదిపన్నెండు మాటలను మనమును చేసికొందము.

ముందుగా లక్షణమును గుర్తించుట నేర్చుకొనవలెను. బొమ్మ నిలిచి చక్రము తిరుగుట ఒక బాధ. బొమ్మ కదలుచునే గళ్ళు గళ్ళుగా చెదరుట వేరొకటి. మాట నడుమ నడుమ తెగుట మూడవది. అన్నియు సవ్యముగనే యుండి, జరిగినది మనకు ఆలస్యముగా చేరుట నాలుగవది. ఈ నాలుగింటిని వేరుచేసి చెప్పగలిగిన మనుష్యునకు సగము పని అప్పుడే తీరినట్లు.

స్ట్రీమింగ్ అనగా ప్రవాహము. చెరువునీరు బిందెతో ముంచి ఇంటికి మోసికొనివచ్చి, ఆ పిమ్మట వాడుకొనుట డౌన్‌లోడ్. కాలువనీరు పారుచుండగనే మడి తడుపుకొనుట స్ట్రీమింగ్. కృష్ణా డెల్టాలో పుట్టిన రైతునకు ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు. కాలువ వెడల్పు బ్యాండ్‌విడ్త్. పైరునకు గడియగడియకు కావలసిన నీరు బిట్‌రేటు. వెడల్పు చాలినంత యున్నను నీరు తడవకొక తీరున వచ్చుచుండుట, గండ్లుపడి నడుమ కొంత పోవుట, శివారు పొలమునకు ఆలస్యముగా చేరుట అనునవి వేర్వేరు ఇక్కట్లు. రైతు వీనిని కలగలిపి ‘కాలువ బాగాలేదు’ అని ఊరకుండునా?

1. బిట్టును బైటును వేరుగా చూడుడు. ‘100 ఎంబీపీఎస్ ప్లాను అన్నారు, ఫైలు దించుకొన్నచో సెకనుకు 12 ఎంబీయే చూపుచున్నది, ఇది మోసము’ అని వాపోవువారిని నేను పలుమారులు చూచితిని. మోసము కాదు. ప్లాను బిట్లలో చెప్పుదురు, ఫైలు బైట్లలో కొలుతురు. 8 బిట్లు కలిసి ఒక బైటు. కావున 100 మెగాబిట్లనగా 12.5 మెగాబైట్లు. ఈ లెక్క తెలిసినచో మీ రోజువారీ డేటా ఎంతసేపు వచ్చునో మీరే చెప్పుకొనగలరు. సెకనుకు 5 మెగాబిట్ల బిట్‌రేటుగల వీడియో గంటసేపు చూచినచో 2.25 జీబీ ఖర్చగును. 128 కిలోబిట్ల పాట గంటసేపు విన్నచో 58 ఎంబీకి మించదు. బస్సు ప్రయాణములో వీడియో పాటలకు బదులు వట్టి పాటలు విన్నవాని డేటా సాయంకాలమునకు గూడ మిగిలియుండుటకు కారణ మిదియే.

2. గళ్ళుపడినప్పుడు బిట్‌రేటును అనుమానింపుడు. ఇచ్చట కొంచెము నిలిచి చూడవలసి యున్నది. ఏలయనగా మన పెండ్లి ప్రసారములలో అధికభాగము చెడునది ఇచ్చటనే.

కెమెరా పట్టిన బొమ్మను పట్టినది పట్టినట్లు పంపుట అసాధ్యము. 1080పి అనెడి బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి 20 లక్షలకు పైబడిన చుక్కలుండును. ఒక్కొక్క చుక్క రంగు చెప్పుటకు 24 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు చొప్పున గుణించి చూచినచో సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు తేలును. దీనిని 50 లక్షలకు, అనగా దాదాపు 250వ వంతునకు, కుదించెడి ఉపాయమునకే కోడెక్ అని పేరు. 2003లో ప్రమాణముగా వెలువడిన హెచ్.264 నేటికిని విరివిగా వాడుకలో నున్నది. 2013 నాటి హెచ్‌ఈవీసీ, 2018 నాటి ఏవీ1 అంతకంటె పొదుపరులు.

ఈ కుదింపులోని కిటుకేమి? ఒక బొమ్మను పూర్తిగా పంపుట (దీనిని కీఫ్రేమ్ అందురు), ఆ వెనుక వచ్చు బొమ్మలలో మారినంతమేరకే పంపుట. పెండ్లిపీటల వెనుకనున్న పూలగోడ కదలదు. ఒకమారు పంపిన చాలును. పురోహితుని చేయి కదలును, వధువు తల కొంచెము వంగును. ఆ కొద్దిపాటి మార్పునకు బిట్లు కొలదిగా చాలును. కావున గంటసేపు బొమ్మ అద్దమువలె నిర్మలముగా వచ్చును. ఇంతలో తలంబ్రాలు మొదలగును. దోసిలి దోసిలికి వేల గింజలు, ప్రతి గింజకు వేరొక దారి, వేరొక వేగము, పసుపు పూసిన ప్రతి గింజమీద వేరొక మెరుపు. వెనుకనుండి మిత్రులు చల్లు రంగుకాగితములు. చుట్టును కెమెరా ఫ్లాషులు! ముందటి బొమ్మకును తరువాతి బొమ్మకును పోలిక యన్నది లేకుండపోవును. కుదించు యంత్రము తనకిచ్చిన బిట్లలో ఇంతటి మార్పును ఇరికింపలేక, గింజలను గుంపులు చేసి చదరపు గళ్ళుగా మార్చివేయును. వధూవరుల ముఖములు ఆ గళ్ళలో కరగిపోవును. అప్పుడు నెట్టు నెమ్మదించలేదు. మీరు పైరునకు కట్టిన నీరే చాలలేదు.

ఏమి చేయవలెను? పంపు దారిలో చోటున్నచో బిట్‌రేటు పెంపుడు. చోటులేనిచో 1080పి అను పంతము విడిచి 720పికి దిగుడు. అందులో చుక్కలు సగముకంటె తక్కువ గనుక అవే బిట్లు ఒక్కొక్క చుక్కకు రెట్టింపునకు మించి అందును. సెకనుకు 60 బొమ్మలేల? పెండ్లికి 25 చాలును. పూలగోడపై వెలిగి ఆరుచుండు సీరియల్ బల్బులను నిలకడగా వెలుగనిండు. అవి క్షణక్షణము మీ బిట్లను దోచుచున్నవి. కీఫ్రేమ్ ప్రతి 2 సెకన్లకొకటి వచ్చునట్లు ఉంచుడు. అప్పుడు బొమ్మ ఒకమారు చెదరినను త్వరలో కుదుటబడును. అన్నింటికంటె ముఖ్యముగా, పరీక్షించునప్పుడు ఖాళీ పీటలను చూపి తృప్తిపడక, కెమెరా ఎదుట నాలుగు దోసిళ్ళ బియ్యము చల్లించి చూడుడు.

3. దించు వేగమును చూచి మురియకుడు, పంపు వేగమును అడుగుడు. మనము చూచుటకు కావలసినది డౌన్‌లోడ్. మన పెండ్లి లోకమునకు చూపుటకు కావలసినది అప్‌లోడ్. కొన్ని ప్లానులలో ఈ రెండును సమానముగా నుండవు. పెద్ద అంకె మొదటిది, చిన్న అంకె రెండవది. కొలిచినప్పుడు వచ్చిన అప్‌లోడులో సగమునకు మించి బిట్‌రేటు పెట్టకుండుట నా నియమము. 10 మెగాబిట్లు వచ్చినచోట 5. 4 వచ్చినచోట 2.

ఎప్పుడు కొలువవలెను? మా చెల్లెలి కూతురి పెండ్లిలో నేను మధ్యాహ్నము రెండుగంటలకు ఖాళీ హాలులో కొలిచి, 20 వచ్చినదని నిశ్చింతగా కూర్చుంటిని. రాత్రి నాలుగువందలమంది వచ్చి, అందరి ఫోనులును అదే వైఫైకి, అదే టవరుకు తగులుకొన్నవి. సరిగా సుముహూర్తమునకు 20 కాస్త 2 అయినది. ఆ రాత్రి విజయవాడ ఆసుపత్రిలో మంచముమీదనుండి చూచుచుండిన మా బావమరదికి మాంగల్యధారణ అందలేదు. ఆ బాధ నాకు నేటికిని తీరలేదు. అందుచేతనే ఇంత వివరముగా వ్రాయుచున్నాను. హాలు వైఫై పాస్‌వర్డు అతిథులకు చెప్పవలదు. ప్రసారముచేయు ల్యాప్‌టాప్‌ను రౌటరునకు లాన్ తీగెతోనే కలుపుడు. తీగె కుదరనిచో 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడి, రౌటరును అదే గదిలో నుంచుడు. దానికి వేగ మెక్కువ గాని గోడలు దాటు శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దూరము పోవును, వేగము తక్కువ. వేరొక కంపెనీ సిమ్ముగల హాట్‌స్పాటు ఒకటి సిద్ధముగా నుంచుకొనుట పెండ్లివారి ఖర్చులలో మిక్కిలి చిన్నది.

4. చూచువారు పెరిగిరని భయపడకుడు. ‘మూడువందలమంది చూస్తున్నారండీ, అందుకే మన నెట్ మీద లోడు పడింది’ అని చెప్పుట మిక్కిలి సాధారణమైన పొరపాటు. మీరు పంపుచున్నది ఒకే ఒక ప్రతి. దానిని అందుకొన్న సర్వరు, వేర్వేరు సైజులలో ప్రతులు తీసి, లోకమందంతటను నెలకొల్పిన నిల్వకేంద్రములకు చేర్చును. డాలస్ వారు తమకు దగ్గరనున్న కేంద్రమునుండియే తీసికొందురు. ఈ కేంద్రముల అల్లికకే సీడీఎన్ అని పేరు. ప్రతి ప్రేక్షకునికి వేరొక ప్రతి పోవుట యూనికాస్ట్. ఒకే ప్రతి దారిలో చీలుచు అందరికిని చేరుట మల్టీకాస్ట్. 1993 జూన్ 24న కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ నుండి సివియర్ టైర్ డ్యామేజ్ అను వాద్యబృందము ఇంటర్నెట్టులో చేసిన ప్రత్యక్షప్రసారము ఈ రెండవ పద్ధతిన జరిగినది. మన ఇండ్లకు వచ్చు యూట్యూబ్ మొదటి పద్ధతిది. ఆ భారము కంపెనీది, మీది కాదు. చుట్టపక్కములందరికిని నిస్సంకోచముగా లింకు పంపుడు.

5. చక్రము తిరిగినప్పుడు, ఎవరికి తిరుగుచున్నదో ముందు విచారింపుడు. చక్రమునకు పేరు బఫరింగ్. కుళాయి వేళకు రాని ఊరిలో మిద్దెమీద తొట్టి కట్టుకొన్నట్లు, ప్లేయరు కొన్ని సెకన్ల వీడియోను ముందుగా నింపుకొని, అందులోనుండి వాడుకొనును. ఆ తొట్టియే బఫరు. తొట్టి వట్టిపోయినప్పుడు చక్రము కనబడును. నెట్టు సగటున వేగముగనే యున్నను, పాకెట్లు (అనగా సమాచారపు చిన్న మూటలు) ఒకప్పుడు గుంపుగా, ఒకప్పుడు అరుదుగా వచ్చినచో తొట్టి వట్టిపోవచ్చును. పది నిమిషములకొకటి రావలసిన బస్సులు అరగంట రాక, మూడును ఒక్కమారుగా వచ్చినట్లు! ఈ తడబాటునకు జిట్టర్ అని పేరు. వేగపరీక్ష చూపు పెద్ద అంకెలో ఇది కనబడదు.

డాలస్ నుండి ఫోను వచ్చినప్పుడు బాబాయిగారు అడుగవలసిన ప్రశ్న యిది: “మీకొక్కరికేనా, విశాఖలో అక్కయ్య వాళ్ళకి కూడా తిరుగుతోందా?” అందరికిని తిరుగుచున్నచో లోపము హాలు అప్‌లోడులో నున్నది, బిట్‌రేటు తగ్గింపుడు, లేదా హాట్‌స్పాటుకు మారుడు. వారికొక్కరికే ఐనచో లోపము వారి ఇంటనే. ఇచ్చట కెమెరా అబ్బాయిని కసరుట అన్యాయము. వారు చేయవలసినదేమి? గేరు గుర్తు నొక్కి, 1080 అని తాము బిగించియుంచినచో ‘ఆటో’కు మార్చుట. అప్పుడు ప్లేయరు నెట్టు ఓపికను బట్టి ముక్కముక్కకు తానే పెద్ద ప్రతిని గాని చిన్న ప్రతిని గాని ఎంచుకొనును. దీనికి అడాప్టివ్ బిట్‌రేటు అని పేరు. మసకబొమ్మ వచ్చినదని విసుగుకొని మరల 1080కి బిగించుట మనవారి అలవాటు. అమ్మమ్మకు కావలసినది చుక్కల సంఖ్యయా, ముహూర్తమా? సుముహూర్తమునకు ఐదు నిమిషముల ముందు 480కి దించుకొని నిశ్చింతగా చూడుమని చెప్పుడు.

6. ఆలస్యమును వేగముతో కలపకుడు. పక్కింటివారు ‘అవుట్!’ అని కేకవేసిన తరువాత మీ ఫోనులో బౌలరు పరుగెత్తుట మొదలుపెట్టుచున్నాడా? మీ నెట్టు మంచిదే. ప్రత్యక్షప్రసారమును ముక్కలుగా కోసి పంపుట నేటి పద్ధతి. 2009లో ఆపిల్ సంస్థ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్‌లో ముక్క 6 సెకన్లుండవలెనని సిఫారసు. ప్లేయరు మూడు ముక్కల వెనుకనుండి మొదలిడును. అప్పుడే 18 సెకన్లాయెను. దీని పేరు లేటెన్సీ. 100 ఎంబీపీఎస్‌ను 300 చేసినను ఇది తీరదు. యూట్యూబ్ లైవ్‌లో లేటెన్సీ తగ్గించు ఏర్పాటున్నది. కాని తగ్గించినకొలది బఫరు చిన్నదై చక్రము తిరుగు ప్రమాదము పెరుగును. పెండ్లికి తగ్గింపవలదు. ఇరువది సెకన్లు ఆలస్యముగా అక్షతలు వేసినను అమ్మమ్మ ఆశీర్వాదము ఆశీర్వాదమే. కాని ముహూర్తపు వేళ ఇచ్చటివారు ఫోనులో ‘ఇప్పుడే కట్టేశాడు’ అని ముందుగా చెప్పివేయకుండుట మర్యాద.

7. చెవికి ముందు చోటిండు. బొమ్మలో గళ్ళను కన్ను క్షమించును, తెగిన మంత్రమును చెవి క్షమింపదు. పైగా మాటకు కావలసిన బిట్లు అత్యల్పము. కావున ధ్వని బిట్‌రేటును 128 కిలోబిట్ల కంటె దించి పొదుపుచేయుట వ్యర్థము. ధ్వనిని కెమెరా మైకునుండిగాక, పురోహితుని మైకు లైనునుండి తీసికొనుడు. శబ్దము పెదవులకంటె 45 మిల్లీసెకన్లు ముందైనను, 125 వెనుకైనను మనుష్యుడు పసిగట్టగలడు. చూచువారికి ఈ తేడా తోచినప్పుడు ముందుగా వారి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లను తీసి చూడుమనుడు.

వీడియో కాలులో మాట తెగుట మాత్రము వేరొక జాతి. సినిమాను మోయు టీసీపీ, రసీదు పుచ్చుకొను రిజిస్టరు తపాలా వంటిది: పోయిన మూటను మరల పంపించుకొనును, కావున ఆగును గాని తెగదు. కాలులో వాడు యూడీపీ కార్డుముక్క వంటిది: పోయినది పోయినట్లే; కావున తెగును గాని ఆగదు. మాటాడుకొనువారికి రెండవదే మేలు, కాదా? ఐదు సెకన్ల వెనుకటి మాట సంభాషణలో ఎవరికి కావలెను? అందుచేత మాట తెగినప్పుడు పాకెట్ లాస్ అని తలచి రౌటరు దగ్గరకు జరుగుడు, బొమ్మను ఆపి మాటను మాత్రము ఉంచుకొనుడు. జూమ్ వంటివానిలో మరియొక చిక్కు కలదు: చప్పుడును వడకట్టు ఏర్పాటు సన్నాయిని గూడ చప్పుడుగా తలచి నొక్కివేయును. అందులో ‘ఒరిజినల్ సౌండ్’ అను మీట నొక్కిననే మేళము మేళమువలె వినబడును.

8. నెట్టు నిర్దోషియైన సందర్భములు. పాత టీవీలో క్రొత్త కోడెక్ విప్పు శక్తి లేనిచో ధ్వని వచ్చి బొమ్మ రాకపోవచ్చును, లేదా బొమ్మ కుంటుచు నడువవచ్చును. ఓటీటీ సినిమా మాత్రమే మసకగా నుండి, యూట్యూబ్ నిర్మలముగా నున్నచో మీ ఫోనులోని డీఆర్‌ఎమ్ అనెడి తాళమును పరీక్షింపుడు: వైడ్‌వైన్ ఎల్1 లేని ఆండ్రాయిడ్ ఫోనులకు పలు సంస్థలు హెచ్‌డీ ఇయ్యవు.

ఆ తెనాలి ఇంటనే మరుసటి సంవత్సరము రెండవ పిల్ల పెండ్లి వచ్చినది. సుముహూర్తమునకు రెండుగంటల ముందు, గౌరీపూజ జరుగుచుండగా, బాబాయిగారు ఖాళీ పీటల ఎదుట ఒక కుర్రవానిని నిలిపి, పళ్ళెములోని బియ్యము దోసిట పోసి చల్లించినారు. డాలస్ నుండి ఫోను వచ్చినది.

“బావగారూ, చక్రం లేదు. సన్నాయి చక్కగా వినిపిస్తోంది. బియ్యం పోసినప్పుడు మాత్రం బొమ్మ గళ్ళు పడుతోంది. విశాఖ అక్కయ్యకి కూడా అంతేనట.”

“బాబూ, అందరికీ గళ్ళే పడుతున్నాయట. బిట్‌రేటు ఎంత పెట్టావు?”

“మూడండీ.”

“పైకి ఎంత వస్తోంది?”

“పన్నెండండీ.”

“అయితే ఐదు చెయ్యి. బొమ్మ 720కి దించు.”

ప్రసారము ఆపి, మార్చి, మరల మొదలిడినారు. కుర్రవాడు మరియొక దోసిలి చల్లినాడు. ఇరువది సెకన్లు ఫోనులో నిశ్శబ్దము. ఆ పిమ్మట దూరముగా, టీవీకి మిక్కిలి దగ్గరగా జరిగి కూర్చున్నదని తెలియునట్లు, అమ్మమ్మ గొంతు వినబడినది: “గింజ గింజా కనిపిస్తోందిరా.”